అత్త మీద కోపం గోల్‌కీపర్ మీద

ప్రశ్న అడిగింది బరంపురం తమ్ముడు. సంగతి ఇదీ. పదేళ్ళుగా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని. 2024–25 సీజన్‌లో జట్టు ఇంగ్లండ్ లీగ్‌ను పదిహేనో స్థానంలో ముగించినప్పటి నుంచి మ్యాచ్ చూడాలంటే విసుగు, చూడకపోతే టెన్షన్. అర్ధరాత్రి దాటాక లేచి చూడటం, పొద్దున్న ఆఫీసులో కునికిపాట్లు, సాయంత్రం గిరి రోడ్డు టీ కొట్టు దగ్గర లివర్‌పూల్ ఫ్రెండ్ వెటకారం. ఒక ఓటమి తర్వాత గోల్‌కీపర్ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో నోటికొచ్చినట్టు రాసి, తెల్లారాక సిగ్గేసి తీసేశాడట. "జట్టు మార్చెయ్యనా, చూడటమే మానెయ్యనా, అసలు తప్పెవరిది?" అని అడిగాడు.

నా గురించి రెండు ముక్కలు. పర్లాకిమిడి చుట్టుపక్కల స్కూళ్ళలో ముప్ఫై ఏళ్ళకు పైగా డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. కుర్రతనంలో లెఫ్ట్ బ్యాక్ ఆడేవాణ్ణి. తర్వాత కొండల్లో సవర ఊళ్ళవాళ్ళు మేకపోతును బహుమతిగా పెట్టి ఆడించే టోర్నమెంట్లకు రిఫరీగా తిరిగాను. ఓడిన ఊరివాళ్ళ చేత తెలుగు, ఒడియా, సవర మూడు భాషల్లోనూ తిట్లు తిన్నాను. అభిమాని కోపం ఎలా ఉంటుందో పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం నాకు లేదు.

తమ్ముడూ, నీ మూడు ప్రశ్నల్లో చివరిదే అసలైనది. అది తేలితే మిగతా రెండూ వాటంతటవే తేలతాయి. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ సీజన్ లెక్క చూడు. 38 మ్యాచ్‌లలో 11 గెలుపులు, 9 డ్రాలు, 18 ఓటములు, 42 పాయింట్లు. వేసిన గోల్స్ 44, తిన్నవి 54. నువ్వు తిట్టిన గోల్‌కీపర్ యూరోపా లీగ్‌లో ఫ్రాన్స్ జట్టు లియోన్‌తో ఆడిన రెండు మ్యాచ్‌లలో మొదటిదాంట్లో రెండు తప్పులు చేశాడు, నిజమే. ఆ మాట నేనూ కాదనను. కానీ నా కన్ను పడేది 54 మీద కాదు, 44 మీద. మ్యాచ్‌కు ఒక గోల్ కంటే కాస్త ఎక్కువ, అంతే. సెంటర్ ఫార్వర్డ్ హోయ్‌లండ్ లీగ్ మొత్తంలో వేసినవి నాలుగు. అదే ఏడాది మీ టీ కొట్టు మిత్రుడి లివర్‌పూల్ 86 కొట్టింది. 86 కొట్టే జట్టు గోల్‌కీపర్ చేతిలోంచి బంతి జారితే మర్నాటికి ఎవరికీ గుర్తుండదు, ముందున్నవాళ్ళు ఇంకో రెండు వేసి కప్పేస్తారు. 44 కొట్టే జట్టు గోల్‌కీపర్ చెయ్యి జారితే అదే ఓటమి, అదే వీడియో, వారమంతా అదే చర్చ. గోల్‌కీపర్ తప్పు అందరికీ కనిపిస్తుంది. అవతలి గోల్ దగ్గర జరగనిది ఎవరికీ కనిపించదు.

మరి ముందున్నవాళ్ళది తప్పా? అక్కడా ఆగకు, ఇంకొంచెం వెనక్కి వెళ్ళు.

2024 జులైలో కోచ్ టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించారు. ఆయన ఆటకు సరిపోయేవాళ్ళని ఆ వేసవిలో డబ్బు పోసి కొన్నారు. అక్టోబరు 28న ఆయన్నే తీసేశారు. ఆటగాళ్ళ కొనుగోళ్ళు చూసుకోవాలని జులైలో స్పోర్టింగ్ డైరెక్టర్‌గా తెచ్చుకున్న డాన్ యాష్‌వర్త్ డిసెంబరుకల్లా వెళ్ళిపోయాడు. ఈ మధ్యలో నవంబరులో కొత్త కోచ్‌గా అమోరిమ్ వచ్చాడు. ఆయన ఆట వేరు. వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు. కాగితం మీద చూస్తే ఎవరైనా నిలబడగలరు అనిపిస్తుంది. కానీ ఆ నలుగురిలో అంచుల్లో ఉండే ఇద్దరు టచ్‌లైన్‌ను ఈ కొస నుంచి ఆ కొసదాకా దున్నాలి. బంతి మనదైతే ఫార్వర్డ్, పోతే డిఫెండర్. మిగిలిన ఇద్దరు మధ్య మైదానమంతా కాయాలి. ఎదుటివాళ్ళు మధ్యలో ముగ్గుర్ని పెట్టారంటే ఇక్కడ ఎప్పుడూ ఒకడు తక్కువే. దానికి వేరే రకం ఊపిరి కావాలి, వేరే రకం అలవాటు కావాలి. అలవాటు చేయడానికి ప్రాక్టీసు రోజులు కావాలి. గురువారం యూరప్ మ్యాచ్, ఆదివారం లీగ్ మ్యాచ్ ఆడే జట్టుకు ఆ రోజులు ఎక్కడివి? మీ బరంపురం భాషలో చెప్పాలంటే, పట్టుచీరకని కట్టిన మగ్గం మీద పడుగు సగం నేశాక వచ్చి, ఇక తువ్వాళ్ళు నెయ్యమన్నారు. చీర చీరలా రాలేదు, తువ్వాలు తువ్వాలులా రాలేదు. చివరికి నేతగాణ్ణి తిడుతున్నాం.

ఇంకా వెనక్కి వెళితే 2005 తగులుతుంది. గ్లేజర్ కుటుంబం అప్పు చేసి క్లబ్‌ను కొని, ఆ అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్ మీదే పెట్టింది. కోచ్‌గా ఫెర్గూసన్ ఉన్నంతకాలం ఆ భారం మైదానంలో కనిపించలేదు. ఆయన 2013లో దిగిపోయాక గోడకు వేసిన సున్నం రాలడం మొదలైంది. మోయెస్, వాన్ హాల్, మొరిన్యో, సోల్‌షార్, టెన్ హాగ్, అమోరిమ్. ఒక్కొక్కరు ఒక్కో రకం ఆటగాళ్ళను అడిగారు, వాళ్ళు వెళ్ళాక ఆ ఆటగాళ్ళు మిగిలిపోయారు. నువ్వు పదేళ్ళ అభిమానివి అన్నావు కదా. అంటే నీ కాలంలో లీగ్ టైటిల్ ఒక్కటీ రాలేదు. చివరిది 2013లో. నువ్వు 2025లో మోసపోయానని అనుకుంటున్నావు గానీ, నువ్వు చేరేటప్పటికే పెళ్ళి భోజనాలు అయిపోయి గిన్నెలు కడుగుతున్నారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించిందని మనవాళ్ళ సామెత. దుత్త చేతికి అందుతుంది కాబట్టి దాన్ని పగలగొడతాం. గోల్‌కీపర్‌కు ఇన్‌స్టాగ్రామ్ ఉంది, కాబట్టి అందుతాడు. క్లబ్ యజమానికి నువ్వు రాసినా చదవడు. ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు ఆ రాత్రి నువ్వు చేసినదానికి.

ఈ మాట నీకు చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. గొప్పగా చెప్పుకునేది కాదు.

1990ల చివర్లో మా స్కూలు జట్టును గుణుపురం తీసుకెళ్ళాను, ఇంటర్ స్కూల్ టోర్నమెంటుకు. అప్పట్లో టీవీలో యూరప్ మ్యాచ్‌లు చూసి నాకు ఆఫ్‌సైడ్ ట్రాప్ పిచ్చి పట్టింది. డిఫెండర్లు నలుగురూ ఒకే గీత మీద ముందుకు జరగాలి, అవతలి ఫార్వర్డ్ వెనక చిక్కుకుపోవాలి. మా స్టాపర్ బ్యాక్‌లు ఇద్దరూ బలమైన పిల్లలే గానీ పరుగు లేదు. అదేం పట్టించుకోకుండా వాళ్ళని సెంటర్ లైన్ దాకా జరిపాను. ఎదుటి జట్టులో ఒక సన్నటి కుర్రాడు ఉన్నాడు, వాడు ఆ వెనకున్న ఖాళీ చూసుకున్నాడు. ఏడు గోల్స్ తిన్నాం. మా గోల్‌కీపర్ తొమ్మిదో తరగతి సవర పిల్లాడు. పోల్ ఎక్కినట్టు ఎగిరేవాడు, మాట మాత్రం తక్కువ. తిరుగు ప్రయాణంలో జీపులో అందరి ముందూ వాణ్ణి పట్టుకుని దులిపేశాను. వాడు ఏమీ అనలేదు. మర్నాటి నుంచి గ్రౌండుకు రాలేదు.

నాకు ప్రతి మ్యాచ్‌కీ నోట్‌బుక్‌లో గోల్స్ ఎలా పడ్డాయో రాసుకునే అలవాటు. వారం తర్వాత ఆ పేజీ చూశాను. ఏడింటిలో ఐదు మా డిఫెండర్ల వెనక నుంచి వచ్చినవే. ఐదుసార్లూ ఆ పిల్లాడు ఒంటరిగా, ఎదురుగా ఫార్వర్డ్ బంతితో. అంటే ఐదు గోల్స్ నేను వేయించినవి. కబురు పంపాను, రాలేదు. పది పాసయ్యాక సూరత్ మిల్లుల్లో పనికి పోయాడని విన్నాను. వాడికి సారీ చెప్పలేదు నేను, ఇప్పటికీ. అప్పటినుంచి ఎవరైనా గోల్‌కీపర్‌ను తిడుతుంటే, ఆ గోల్‌కు ముందు పది సెకన్లు ఏం జరిగిందో చూశావా అని అడుగుతుంటాను. నిన్ను కూడా అదే అడుగుతున్నాను.

ఇక ఓటమి రకాల సంగతి. పట్టికలో అడుగున ఉన్న రెండు జట్లు ఒకేలా కనిపిస్తాయి, లోపల మాత్రం వేరు వేరు జబ్బులు. దీనికి ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు, మనకు ఇటూ అటూ రెండు ఉదాహరణలు ఉన్నాయి.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుణె జట్టు స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. మొదటి సీజన్ 18 మ్యాచ్‌లలో 10 పాయింట్లు, అందరికంటే అడుగు. అదే 2019లో ఢిల్లీ డైనమోస్ ఇటు మన భువనేశ్వర్‌కు మారి ఒడిశా ఎఫ్‌సీ అయింది. గోవాలో కోవిడ్ బబుల్‌లో ఆడిన 2020–21 సీజన్‌లో ఒడిశాది 20 మ్యాచ్‌లలో 12 పాయింట్లు, అడుగు స్థానం. చివరి మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్‌ను 6–5తో గెలిచారు చూడు, ఏడవాలో నవ్వాలో తెలియని మ్యాచ్ అది. ఈ రెండు జట్లూ లేచాయి. హైదరాబాద్ కోచ్‌గా మనోలో మార్కెజ్‌ను తెచ్చుకుని, కుర్రవాళ్ళకు చోటిచ్చి, 2022 మార్చి 20న ఛాంపియన్ అయింది. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేస్తే, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఒడిశా 2023 ఏప్రిల్‌లో బెంగళూరును 2–1తో ఓడించి సూపర్ కప్ ఎత్తింది. ఆ రెండు గెలుపులప్పుడూ నేను ఇంట్లో ఒక్కణ్ణే గెంతాను. మా ఇంటావిడ ఒక్కటే అడిగింది, "ఇంతకీ మనది ఏ జట్టు?" అని. పర్లాకిమిడిలో పుట్టి, తెలుగు మాట్లాడుతూ, ఒడిశా ప్రభుత్వంలో జీతం తీసుకున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు ఇంకా జవాబు వెతుక్కుంటున్నాను.

అదే హైదరాబాద్ 2023–24లో మళ్ళీ అడుగుకు వెళ్ళింది. 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు. పట్టిక చూస్తే 2020 లాగే ఉంటుంది. కానీ ఈసారి జీతాలు అందలేదు, విదేశీ ఆటగాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు, బకాయిల వల్ల కొత్తవాళ్ళను తీసుకోకుండా నిషేధం పడింది. మిగిలిన కుర్రాళ్ళు ఏ మ్యాచ్‌కు ఆ మ్యాచ్ ప్రాణం పెట్టి ఆడారు. కట్టిన ఇంటికి చూరు కారడం వేరు, పునాది కదలడం వేరు. 2025కి క్లబ్ ఢిల్లీ వెళ్ళిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఢిల్లీ జట్టు ఒడిశాకు వచ్చింది, హైదరాబాద్ జట్టు ఢిల్లీకి పోయింది. మన సరిహద్దు జిల్లాలవాళ్ళకు ఊళ్ళు ఇటు నుంచి అటు మారడం కొత్త కాదు గానీ, జట్టు ఊరు మారితే అభిమాని ఎక్కడ నిలబడాలో నాకు తెలియలేదు. మీ పదిహేనో స్థానం గురించి బాధపడుతున్నావు చూడు, హైదరాబాద్ గ్యాలరీలో పసుపు చొక్కాతో కూర్చున్న కుర్రాడికి ఓడిపోవడానికి కూడా జట్టు మిగల్లేదు.

ఈ కొలతతో యునైటెడ్‌ను చూడు. స్టేడియం నిండుతోంది, జీతాలు పడుతున్నాయి, ఊరు మారే భయం లేదు. జబ్బు పై గదిలో ఉంది, అది మైదానంలోకి కారుతోంది. నయమయ్యే జబ్బే, కానీ ఒక కోచ్‌తోనో ఒక స్ట్రైకర్‌తోనో ఒక్క వేసవిలో నయం కాదు. ఇంతకుముందూ ఇలాగే జరిగింది. 1968లో యూరోపియన్ కప్ గెలిచిన జట్టు 1974లో రెండో డివిజన్‌కు పడిపోయింది. తమాషా ఏమిటంటే, రెండో డివిజన్‌లో ఆడిన ఆ ఏడాది ఇంగ్లండ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ జనం వాళ్ళ మ్యాచ్‌లకే వచ్చారు. మరుసటి ఏడాదే పైకి వచ్చేశారు, కానీ 1967 తర్వాత లీగ్ టైటిల్ మళ్ళీ చేతికి రావడానికి 1993 దాకా పట్టింది. ఫెర్గూసన్ 1986లో వచ్చాడు. 1989–90లో ఆయన జట్టు స్థానం పదమూడు. నీకు పదిహేను అవమానంగా ఉంది, వాళ్ళకు పదమూడూ అంతే అవమానం. ఆ ఏడాది ఎఫ్ఏ కప్ రాకపోయుంటే ఆయన ఉద్యోగం ఏమయ్యేదో.

కోపం వద్దని నేను అనడం లేదు. మాంచెస్టర్ వాళ్ళ కోపం చూడు. అప్పుతో క్లబ్‌ను కొన్నారని 2005లో కొందరు అభిమానులు విడిపోయి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు, అభిమానులే యజమానులు. 2010లో ఎర్ర చొక్కాల మధ్య ఆకుపచ్చ, బంగారు రంగు కండువాలు వేసుకొచ్చారు. క్లబ్ మొదటి పేరు న్యూటన్ హీత్, అప్పటి రంగులు అవి. జట్టును అరిచి ప్రోత్సహిస్తూనే యజమానికి చెప్పాల్సింది చెప్పారు. 2021 ఏప్రిల్‌లో పన్నెండు పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ అని వేరు కుంపటి పెట్టబోతే, అభిమానుల గొడవకు రెండు మూడు రోజుల్లో అది చెదిరిపోయింది. ఆ పై నెల 2న యునైటెడ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోకి జనం దూరి లివర్‌పూల్ మ్యాచ్ వాయిదా పడింది. ఆ దూరడం సరైనదని నేను అనను, రిఫరీగా చేసినవాణ్ణి. గుంపు కోపం కట్టలు తెంచుకుంటే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో 16 మంది అభిమానులు చనిపోయారు. ఇంటి నుంచి మ్యాచ్ చూడ్డానికని బయల్దేరినవాళ్ళు.

నువ్వు బరంపురంలో ఉన్నావు, కండువా వేసుకున్నా గ్లేజర్లకు కనిపించదు. నిజమే. నీ చేతిలో ఉన్నది నీ నిద్ర, నీ డేటా, నీ డబ్బు. గుడ్డిగా ప్రతి కొత్త చొక్కా కొనకు. కోపంతో పందెం కాసి నష్టం రెట్టింపు చేసుకోకు, మా వీధిలో ఒక కుర్రాడు ఓటమి బాధను ఇలాగే తీర్చుకుని బండి అమ్ముకున్నాడు. శనివారం రాత్రి ఎనిమిదిన్నర మ్యాచ్ హాయిగా చూడు. అర్ధరాత్రి దాటే మ్యాచ్ పొద్దున్న చూడు, ఫలితం తెలియకుండా ఫోన్ పక్కన పెట్టగలిగితే.

అయితే ఇలా చెప్పిన నేనే 2025 ఏప్రిల్ 17 రాత్రి పన్నెండున్నరకి లేచి లియోన్‌తో రెండో మ్యాచ్ చూశాను. రెండు గోల్స్ ఆధిక్యం పోయింది, ఎక్స్‌ట్రా టైమ్‌లో 4–2తో వెనకబడ్డారు, అదీ అవతల పది మందే ఉండగా. టీవీ కట్టేద్దామని రిమోట్ తీసుకున్నాను. 114వ నిమిషంలో యునైటెడ్‌కు బ్రూనో పెనాల్టీ, 120లో మైనూ, ఆ వెంటనే మగ్వాయర్ తల. 5–4. నడుం నొప్పి ఉన్నవాణ్ణి, మంచం మీద నుంచి ఎలా లేచానో తెలియదు. ఆ జట్టే నెల తర్వాత బిల్బావో ఫైనల్లో టోటెన్‌హామ్ చేతిలో 1–0తో ఓడింది. ఆ టోటెన్‌హామ్ లీగ్‌లో పదిహేడో స్థానం, యునైటెడ్ కంటే రెండు మెట్లు కింద! చెడ్డ సీజన్‌లో కూడా ఇలాంటి రాత్రి ఒకటి ఉంటుంది, కానీ అది ఏ రాత్రో ముందుగా చెప్పరు. అదే చిక్కు.

జట్టు మార్చాలా అంటే, చట్టం ఏమీ లేదు, మార్చుకో. నేనైతే మార్చను, ఇంకోటి కలుపుకుంటాను. బరంపురం నుంచి భువనేశ్వర్ మూడు గంటల రైలు. 2022 అక్టోబరులో అండర్-17 అమ్మాయిల ప్రపంచకప్‌కు మా స్కూలు ఆడపిల్లల్ని కళింగ స్టేడియం తీసుకెళ్ళాను. మన అమ్మాయిలు అమెరికా చేతిలో 8–0తో ఓడారు. ఆరో గోల్ పడ్డప్పుడు నేను తల దించుకున్నాను. పక్కన కూర్చున్న మా లెఫ్ట్ వింగ్ పిల్ల మాత్రం ఒడియాలో, "సార్, ఆ అమెరికా అమ్మాయి బంతి రాకముందే రెండుసార్లు వెనక్కి చూస్తోంది, చూశారా?" అంది. నేను చూడలేదు. స్కోరుబోర్డు చూస్తున్నాను. మర్నాడు గ్రౌండులో ఆ పిల్ల అలాగే వెనక్కి చూడటం మొదలుపెట్టింది.

నువ్వు కూడా అలా ప్రయత్నించి చూడు. ఒక మ్యాచ్ మొత్తం ఒక్క ఆటగాణ్ణే పట్టుకో. బంతి ఎటు పోయినా నీ కన్ను అమద్ మీదో బ్రూనో మీదో ఉండాలి. బంతి లేనప్పుడు వాడు ఏం చేస్తున్నాడు, ఎటు చెయ్యి చూపిస్తున్నాడు, పోయిన బంతి కోసం ఎంత దూరం వెనక్కి పరిగెత్తాడు. జట్టు ఓడినా ఆ తొంభై నిమిషాలు దండగ అనిపించవు. ఎవరు మనసు పెట్టి ఆడుతున్నారో, ఎవరు కాంట్రాక్టు కోసం నడుస్తున్నారో కూడా నీకు పది మ్యాచ్‌లలో తెలిసిపోతుంది. అప్పుడు తిట్టు, సరైనవాణ్ణి.

లివర్‌పూల్ మిత్రుడి సంగతి మిగిలింది. 1990 తర్వాత 2020 దాకా లీగ్ టైటిల్ లేకుండా ముప్ఫై ఏళ్ళు మీవాళ్ళు ఎక్కడున్నారని అడుగు. పక్కన మాంచెస్టర్ సిటీ అభిమాని కూడా ఉంటే, 1999 మేలో యునైటెడ్ యూరప్ కప్ ఎత్తిన నాలుగు రోజులకు వాళ్ళు మూడో అంచె లీగ్ నుంచి బయటపడటానికి జిల్లింగ్‌హామ్‌తో ప్లేఆఫ్ ఆడుతున్నారని గుర్తుచెయ్యి. వాళ్ళు వెంటనే 2024–25 పట్టిక తీస్తారు. తియ్యనీ. గెలిచిన జట్లు వాళ్ళవే కాబట్టి టీ డబ్బులు వాళ్ళతోనే ఇప్పించు, సమోసాతో సహా.